ధనంబోడు నుంచి రంగూన్ మీదుగా మా ఇంటి కుర్చీ దాకా

నేను రోజూ ధ్యానం చేస్తానని ఎవరితోనైనా అంటే రెండే ప్రశ్నలు వస్తాయి. "ఏ గురువుగారి దగ్గర?" అనేది మొదటిది. "ఏమైనా తేడా తెలిసిందా మరి?" అనేది రెండోది. రెండోదానికి జవాబు నేను చెప్తే చెల్లదు, మా అమ్మని అడగాలి. మొదటిదానికి మాత్రం జవాబు కాస్త పెద్దది. అందులో మా ఊరి పక్క కొండ ఉంది, బర్మాలో ఒక అకౌంట్సాఫీసు ఉంది, పదిహేడు వందల ఏళ్ల కిందటి ఒక పనివాడు ఉన్నాడు. తీరిగ్గా చెప్తాను, వినండి.

మాది నందిగామ. అమ్మ పుట్టిల్లు జగ్గయ్యపేట. 2019లో ఇంజనీరింగ్ పూర్తి చేసి హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాను. ఏడాది తిరక్కుండానే కరోనా వచ్చింది. 2020 మార్చిలో లాప్‌టాప్ సంకనేసుకుని నందిగామ వచ్చిపడ్డాను. (2022 ఏప్రిల్ నుంచి మాది ఎన్టీఆర్ జిల్లా. నేను మాత్రం ఇంకా కృష్ణా జిల్లా అనే అంటుంటాను, అలవాటు.)

2021లో నాకు ప్రొడక్షన్ సపోర్టు డ్యూటీలు పడ్డాయి. ఈ పని చేసినవాళ్లకి వివరించక్కర్లేదు. ఫోను రాత్రి రెండింటికి మోగుద్ది. మోగని రాత్రి కూడా మోగినట్టు అనిపించి మెలకువ వస్తుంది. నిద్ర పోయింది, ఆకలి పోయింది, ఆ రెండూ పోయాక ఓపిక కూడా పోయింది.

ఒకరోజు రాత్రి పదకొండింటికి ఒక రిలీజ్ ఎదురు తన్నింది. పద్నాలుగు మంది కాల్‌లో ఉన్నాం. నేను అన్నం తినలేదని అమ్మ పెరుగన్నం కలిపి తెచ్చి లాప్‌టాప్ పక్కన పెట్టబోయింది. "ఎన్నిసార్లు చెప్పాలి నీకు? పో ఇక్కణ్ణుంచి!" అని అరిచాను. అరిచాక చూద్దును కదా, మైకు మ్యూట్‌లో లేదు. అవతల పద్నాలుగు మందీ ఒక్క క్షణం గప్‌చుప్. అమ్మ కంచం అక్కడే పెట్టి, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్లింది.

ఆ తర్వాత మూడురోజులు కంచం గది బయట స్టూలు మీదకి వచ్చేది. తలుపు మీద రెండుసార్లు తట్టి వెళ్లిపోయేది. సారీ చెప్తే "దేనికిరా? పని ఒత్తిడిలో ఉన్నావుగా" అంది. నాలుగు తిట్టినా బాగుండేది. మా అమ్మ నన్ను చూసి భయపడుతోందని ఆ స్టూలు చూశాకగానీ నాకు అర్థం కాలేదు. నేను ధ్యానం మొదలుపెట్టింది మోక్షం కోసం కాదు, ఆ స్టూలు అక్కణ్ణుంచి తీసేయడానికి.

మొదట అందరిలాగే ఒక యాప్ దించుకున్నాను. ఎవరో దొరగారు మెత్తటి గొంతుతో శ్వాస గమనించమంటాడు. రోజుకి పది నిమిషాలు. వరసగా ఎన్ని రోజులు చేశామో లెక్క చూపిస్తుంది. ఇరవయ్యొక్క రోజులు చేశాను. ఇరవై రెండోరోజు డ్యూటీలో పడి తప్పింది. లెక్క సున్నాకి వచ్చేసింది. ఇరవయ్యొక్క రోజుల కష్టాన్ని ఎవడో డేటాబేసులోంచి డిలీట్ చేసినట్టు అనిపించి, కోపమొచ్చి యాప్ తీసేశాను. కోపం తగ్గించుకోడానికి దించుకున్న యాప్ మీదే కోపం!

ఈ సంగతి జగ్గయ్యపేటలో మా మావయ్యతో చెప్తే ఆయన ఒకటే నవ్వు. "ఇంగ్లీషోడి దగ్గర నేర్చుకునేదేంట్రా? మన ఊరి కొండ మీద రెండువేల ఏళ్ల నాడే బౌద్ధులు ధ్యానం చేశారు. అది మన రక్తంలోనే ఉంది" అన్నాడు. నాకు ఈ మాట తెగ నచ్చేసింది. రక్తంలోనే ఉన్నప్పుడు ఇంక ఇన్‌స్టాల్ చేసుకునే పనేముంది?

మావయ్య చెప్పిన కొండ పేరు ధనంబోడు. జగ్గయ్యపేట పేరు పాతదేం కాదు. అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గన్న పేరు మీద పెట్టింది. అంతకుముందు ఆ ఊరు బేతవోలు. కొండ మీది స్తూపం మాత్రం క్రీస్తుకు ముందు నుంచీ ఉన్నది. 1882లో జేమ్స్ బర్జెస్ అనే పురాతత్వ అధికారి వచ్చి తవ్వించేసరికే జనం చాలా రాళ్లు మోసుకుపోయారు. మిగిలిన వాటి గురించి ఆయన 1887లో అమరావతితో కలిపి ఒక పెద్ద పుస్తకం అచ్చేశాడు. ఇక్కడ దొరికిన చక్రవర్తి శిల్పం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. రాజు చెయ్యెత్తితే పైనుంచి చదరపు నాణేలు వానలా కురుస్తుంటాయి. ఆయన మాంధాత అంటారు. బౌద్ధ కథల్లో మాంధాతకి ఎంత కురిసినా తృప్తి ఉండదు, స్వర్గంలో సగం ఇచ్చినా ఇంద్రుడి వాటా కూడా కావాలనుకుని కింద పడతాడు. ఏటా అప్రైజల్ అప్పుడు నాకు ఈయనే గుర్తొస్తాడు.

మా చుట్టుపక్కల ఇదొక్కటే కాదు. పెనుగంచిప్రోలు దగ్గర గుమ్మడిదుర్రులో స్తూపం ఉంది. నందిగామ వైపు అల్లూరులో దొరికిన బ్రాహ్మీ శాసనంలో పూర్వశైలీయులనే బౌద్ధ శాఖ పేరు ఉంది. నందిగామ బస్టాండులో మిరపకాయ బజ్జీలు తింటూ పెరిగినవాణ్ణి, నా చుట్టూ ఇన్ని ఉన్నాయని పాతికేళ్లొచ్చేదాకా తెలీదు.

ఆ ఊపులోనే 2022 డిసెంబరులో సెలవు పెట్టి, హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీదున్న ధమ్మఖేత్తలో పదిరోజుల విపశ్యన శిబిరానికి వెళ్లాను. ఫోను ఇచ్చేయాలి. పదోరోజు దాకా తోటివాళ్లతో మాట్లాడకూడదు. తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు. రోజుకి దాదాపు పది గంటలు కూర్చోవాలి. మధ్యాహ్నం తర్వాత భోజనం లేదు, సాయంత్రం కొత్తవాళ్లకి పళ్లు, టీ ఇస్తారు. మొదటి మూడున్నర రోజులు ముక్కు దగ్గర శ్వాస ఒక్కటే చూడాలి. నాలుగోరోజు నుంచి ఒళ్లంతా ఏ స్పర్శ ఎలా ఉందో గమనిస్తూ పోవాలి, దేనికీ స్పందించకూడదు. గంటసేపు కాలు కదపకుండా కూర్చోమన్నప్పుడు నా మోకాళ్లు పెట్టిన ఘోష ఆ దేవుడికే ఎరుక. ఆరోరోజు బ్యాగు సర్దేశాను కూడా. ఎందుకు ఆగానో తెలుసా? బయటికొస్తే అమ్మకి ఏం చెప్పాలో తెలీక.

డబ్బులు తీసుకోరు. పూర్తి చేసినవాళ్లు ఇవ్వాలనుకుంటే చివర్లో ఇవ్వొచ్చు. ఇంటికెళ్లాక పొద్దున గంట, సాయంత్రం గంట చేయమని చెప్పి పంపిస్తారు. నేను సరిగ్గా పదకొండు రోజులు చేశాను. పన్నెండోరోజు రిలీజు. అంతే సంగతులు.

ఈసారి కోపం రాలేదు, సిగ్గేసింది. యాప్ అయితే పరాయివాడిది, ఇది మన పూర్వీకులది కదా. రక్తంలో ఉన్నది కూడా నిలబెట్టుకోలేని వెధవననుకున్నాను. అసలు ఆ పూర్వీకులు ఎలా చేసేవాళ్లో చూద్దామని చదవడం మొదలుపెట్టాను. అక్కడే నాకు దిమ్మ తిరిగింది.

విపశ్యన బుద్ధుడి పద్ధతేననీ, మిగతాచోట్ల పోయినా బర్మాలో గురుశిష్య పరంపరగా నిలిచిందనీ ఆ సంప్రదాయం వాళ్లు చెప్తారు. అది వాళ్ల నమ్మకం, నేను కాదనను. కానీ ఉద్యోగాలూ సంసారాలూ ఉన్న మామూలు జనం వేల సంఖ్యలో కూర్చుని రోజూ ధ్యానం చేయడం మాత్రం కొత్త సంగతి. చరిత్రకారులు దీని మొదలు పంతొమ్మిదో శతాబ్దం చివర్లో బర్మాలో చూపిస్తున్నారు. 1885లో బ్రిటిష్‌వాళ్లు మాండలే పట్టుకుని థీబా రాజుని రత్నగిరికి పంపేశారు. బౌద్ధాన్ని కాపాడే రాజు లేడు. ఇక జనమే కాపాడుకోవాలి అనుకున్న లెడీ సయడా (1846-1923) అనే భిక్షువు ఊరూరా తిరిగి, మామూలు బర్మీస్‌లో పుస్తకాలు రాసి, గృహస్థులకి శాస్త్రమూ ధ్యానమూ నేర్పించాడు. ఆయన శిష్యుల్లో ఒకరు సయా తెట్జీ అనే రైతు. ఆ రైతు దగ్గర 1937లో నేర్చుకున్నవాడు ఊ బా ఖిన్.

ఈ ఊ బా ఖిన్ మన బాపతే. రంగూన్‌లో అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో గుమాస్తాగా చేరినవాడు. ధ్యానం నేర్చుకోడానికి ఉన్నపళంగా ఆఫీసు వదిలి వెళ్లాడట. తిరిగొచ్చేసరికి బల్ల మీద తన పేరుతో కవరు. ఉద్యోగం ఊడిందనుకుంటూ తెరిస్తే అది ప్రమోషన్ ఆర్డరట. విపశ్యన వాళ్లు చెప్పుకునే కథ ఇది. (మీరు ప్రయత్నించకండి, మన దగ్గర ఆ కవరులో వేరే కాగితం ఉంటుంది.) 1948 జనవరి 4న బర్మా స్వతంత్రమైనప్పుడు ఆయన ఆ దేశపు అకౌంటెంట్ జనరల్ అయ్యాడు. ఆఫీసులోనే సిబ్బందికి ధ్యానం నేర్పించాడు. 1952లో రంగూన్‌లో ఒక ధ్యానకేంద్రం పెట్టాడు. ఆఫీసు పనిచేసుకునేవాళ్లకి ఎక్కువ టైముండదని తెలిసినవాడు కాబట్టే పదిరోజుల్లో పట్టు దొరికేలా నేర్పించాడు.

ఆయన దగ్గరికి విపరీతమైన తలనొప్పితో వచ్చినవాడు సత్యనారాయణ గోయెంకా (1924-2013), మాండలేలో పుట్టిన మార్వాడీ వ్యాపారి. తలనొప్పికి మందుగా అయితే నేర్పనని ఊ బా ఖిన్ మొదట వెనక్కి పంపేశాడు. 1955లో మొదటి శిబిరం చేసి, పద్నాలుగేళ్లు ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. 1969లో ఇండియా వచ్చాడు. ఎందుకొచ్చాడో తెలుసా? ఇక్కడున్న వాళ్లమ్మకి నరాల జబ్బు, ఈ ధ్యానంతో నయమవుతుందేమోనని. ఆ ఏడాది జూలైలో బొంబాయిలో పెట్టిన మొదటి శిబిరంలో ఉన్నది పద్నాలుగు మందే. వాళ్లలో ఆయన అమ్మానాన్నలున్నారు. 1976కల్లా ఇగత్‌పురిలో ధమ్మగిరి, హైదరాబాద్‌లో ధమ్మఖేత్త మొదలయ్యాయి.

అంటే నేను నేర్చుకున్నది ధనంబోడు నుంచి మా రక్తంలోకి దిగింది కాదు. ఒక రైతు, ఒక అకౌంటెంటు, ఒక వ్యాపారి చేతులు మారి, ఒక కొడుకు తన తల్లి కోసం తెస్తే వచ్చింది.

మరి మన కొండ సంగతేంటి? ఆ రోజుల్లో స్తూపం దగ్గర మామూలు గృహస్థు పని ప్రధానంగా దానం, శీలం, పూజ. ధ్యానం చేసిన గృహస్థులు పాళీ గ్రంథాల్లో లేకపోలేదు, అక్కడక్కడా ఉన్నారు. కానీ అది ఎక్కువగా భిక్షువుల పని, వాళ్లలోనూ అందరిదీ కాదు. ఏడో శతాబ్దంలో హ్యుయాన్ త్సాంగ్ ధాన్యకటకం వచ్చినప్పుడు ఆరామాలు చాలావరకు పాడుబడి, ఇరవై దాకా మాత్రమే మిగిలాయని రాశాడు. పూర్వం అక్కడ ఏటా వానాకాలంలో వెయ్యిమంది కలిసి ఉండి, గడువు తీరేసరికి అర్హతులై గాల్లోకి ఎగిరిపోయేవాళ్లని కూడా రాశాడు. మనం మాత్రం పదిరోజుల శిబిరం తర్వాత ఎల్బీనగర్ ట్రాఫిక్‌లో దిగుతాం.

మన పాత్ర అసలు లేదని కాదు. ఆంధ్ర భిక్షువులకి ఒక వ్యాఖ్యానం ఉండేది, అంధక అట్ఠకథ. అయిదో శతాబ్దంలో సింహళంలో బుద్ధఘోషుడు వ్యాఖ్యానాలు రాసినప్పుడు దాన్ని ప్రస్తావించాడు. అది ఇప్పుడు దొరకదు. బుద్ధఘోషుడి విసుద్ధిమగ్గం మాత్రం బర్మాలో ఇప్పటికీ ధ్యానానికి పెద్ద బాలశిక్ష లాంటిది. మన నేల మీది మాట ఏదో ఎక్కడో కలిసి సముద్రం దాటి ఉంటుంది. కానీ "రక్తంలో ఉంది" అనడానికి ఇది చాలదు.

ఇదంతా చదివాక ఒకపక్క నిరాశ, ఇంకోపక్క బోలెడంత తేలిక. పూర్వీకుల పరువు తీస్తున్నానన్న బరువు దిగిపోయింది. ఆఫీసులో పనిచేసే మనిషి ఆఫీసులో పనిచేసే మనుషుల కోసం సర్దిన పద్ధతి ఇది. అలాంటప్పుడు నా పరిస్థితికి తగ్గట్టు నేనూ కాస్త సర్దుకోవచ్చు అనిపించింది. గంట కుదరకపోతే ఇరవై నిమిషాలు. మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ తప్పాను, మళ్లీ మొదలుపెట్టాను.

2024 ఆగస్టు 31, శనివారం. అమ్మా నేనూ జగ్గయ్యపేటలో అమ్మమ్మ ఇంట్లో ఉన్నాం. ఆ వాన గుర్తుందిగా? ఆదివారం తెల్లారేసరికి అటు పాలేరు, ఇటు మున్నేరు పొంగి హైవే మీద రాకపోకలు ఆగిపోయాయి. కరెంటు లేదు, ఫోన్లో సిగ్నల్ వస్తే వచ్చినట్టు పోతే పోయినట్టు. నేను హైదరాబాద్ వెళ్లే మార్గం లేదు. బౌద్ధ భిక్షువులు వానాకాలం మూడునెలలు ఒకేచోట ఉండిపోవడాన్ని వర్షావాసం అంటారు. నాకు బలవంతపు వర్షావాసం దొరికింది. చేసేదేం లేక, ఫోన్లో ఎప్పుడో దాచుకున్న ధనంబోడు శాసనం తీసి చదివాను.

ఆయక స్తంభాల మీది ప్రాకృత శాసనం అది. బ్యూలర్ అనే పండితుడు 1882లోనే చదివి అచ్చేశాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో ఏడు, వానాకాలపు ఎనిమిదో పక్షం, పదోరోజు. మూడో శతాబ్దం రెండో సగం అనుకోవచ్చు. నాకచందుడి కొడుకు సిద్ధార్థుడు అనే ఆవేసని వెలగిరిలో బుద్ధుడి మహాచైత్యానికి తూర్పు వాకిట అయిదు స్తంభాలు నిలబెట్టించాడు. ఆవేసని అంటే పనివాళ్ల పెద్ద, శిల్పి, మేస్త్రీ. మన భాషలో చెప్పాలంటే ఆ రోజుల టీమ్ లీడు. తండ్రిదీ అదే పని. రాజు కాదు, సేఠు కాదు. భార్య సముదని పేరూ, పిల్లల పేర్లూ, బంధువుల సంగతీ ఉన్నాయి. అందరికంటే ముందు వాళ్లమ్మ నాగిలని పేరు ఉంది. ఉండటమే కాదు, అమ్మని ముందు ఉంచుకుని ఈ దానం చేస్తున్నానని చెక్కించాడు. చివర్లో ఇదంతా సర్వప్రాణుల హితం కోసం, సుఖం కోసం అన్నాడు.

ధ్యానం గురించి అందులో ఒక్క మాట లేదు. కానీ నేను కాసేపు ఆ గడప మీదే కూర్చుండిపోయాను. శిబిరంలో పదోరోజు నేర్పేది మైత్రీభావన. కూర్చున్న ప్రతిసారీ చివర రెండు నిమిషాలు అన్ని ప్రాణులూ సుఖంగా ఉండాలని కోరుకోమంటారు. నేను దాన్ని ఆఫీసు మెయిలు చివర "విత్ రిగార్డ్స్" లాగా ముగించి లేచేవాణ్ణి. సిద్ధార్థుడు అయిదు రాతి స్తంభాలు ఎత్తించింది ఆ చివరి మాట కోసమే. అదీ అమ్మని ముందు పెట్టుకుని.

వంటింట్లో అమ్మ, అమ్మమ్మ కిరోసిన్ దీపం వెలుగులో పప్పు తాలింపు వేస్తున్నారు. వెళ్లి పీట మీద కూర్చుని, మూడేళ్ల నాటి పెరుగన్నం సంగతి ఎత్తాను. "ఇంకా గుర్తుపెట్టుకున్నావా!" అంది అమ్మ. కాసేపాగి, "ఆరోజు తర్వాత నీ గదిలోకి రావాలంటే కాళ్లు వణికేవిరా" అంది. మూడేళ్లలో మొదటిసారి ఆ మాట బయటికొచ్చింది. నేను సమర్థించుకోలేదు, ఊరుకోమనీ అనలేదు. ఛాతీలో ఏదో మండినట్టుంటే దాన్ని అలాగే గమనిస్తూ విన్నాను. నా ధ్యానం పనికొచ్చిన మొదటి అయిదు నిమిషాలు అవే అనుకుంటాను.

ఇప్పుడు నా పద్ధతి చాలా మామూలుది. పొద్దున పళ్లు తోముకున్నాక, ఫోను ముట్టుకోకముందు, రోజూ ఒకే ప్లాస్టిక్ కుర్చీలో ఇరవై నిమిషాలు. మోకాళ్లకి నమస్కారం, నేల మీద కూర్చోవడం మానేశాను. పదిహేడు నిమిషాలు శ్వాస, చివరి మూడు నిమిషాలు మైత్రి. అది అమ్మతో మొదలవుతుంది. వరస లెక్కపెట్టను. ఒకరోజు తప్పితే తప్పింది, రెండోరోజు మాత్రం తప్పనివ్వను. డ్యూటీ ఉన్న వారం పది నిమిషాలైనా సరే. కూర్చున్నంతసేపూ మనసు జిరా టికెట్ల చుట్టూనే తిరిగిన రోజులు బోలెడు, వాటినీ కూర్చున్న రోజులుగానే లెక్కేస్తాను.

ఇంకో మాట. పదిరోజుల శిబిరం అందరికీ పడదు. డిప్రెషన్ లాంటి వాటికి మందులు వాడుతున్నవాళ్లు ముందు డాక్టర్ని అడగండి. దరఖాస్తులో ఆ వివరాలు అడిగేది అందుకే, దాచకండి. నిద్ర పట్టనివ్వని ఉద్యోగాన్ని ధ్యానం బాగుచెయ్యదు కూడా. నేను డ్యూటీలు తగ్గించమని అడిగి తగ్గించుకున్నాను. అలా అడిగే ధైర్యం ధ్యానం వల్ల వచ్చిందా అంటే చెప్పలేను.

మావయ్యకి ఇదంతా చెప్తే "అయితే మన కొండది ఏం లేదంటావు" అని చిన్నబుచ్చుకున్నాడు. ఉంది మావయ్యా, నువ్వు చెప్పింది కాదుగానీ అంతకంటే మంచిదే ఉంది అన్నాను. ఈసారి వెళ్లినప్పుడు ఇద్దరం కలిసి కొండెక్కుదామన్నాడు.

మొన్న అమ్మని అడిగాను, నాలో ఏమైనా తేడా తెలుస్తోందా అని. కాసేపు ఆలోచించి, "ఏమోరా, కోపం ఇప్పటికీ వస్తుంది నీకు. కాకపోతే వచ్చే ముందు తెలుస్తోంది" అంది. కాఫీ మాత్రం గదిలోకి తెచ్చే ఇచ్చింది. స్టూలు ఇప్పుడు బాల్కనీలో తులసి కుండీ కింద ఉంది.